చెరువు, పోడు, బొగ్గు: ప్రకృతి ప్రశ్న ఎవరిది?

కొన్నేళ్ల కిందట మానుకోట అడవి పక్క పల్లెలో పనిచేస్తున్నప్పుడు, అర్ధ సంవత్సర పరీక్షలో తొమ్మిదో తరగతి పిల్లలకు "వన సంరక్షణ" మీద వ్యాసం రాయమన్నాను. గైడులో ఉన్నదే అందరూ రాశారు. అడవులు వానలు కురిపిస్తాయి, ప్రాణవాయువునిస్తాయి, వృక్షో రక్షతి రక్షితః. ఒక్క కుర్రవాడు మాత్రం మూడు వాక్యాలు అలా రాసి, నాలుగో వాక్యంగా "మా చేన్ల కందకం తవ్విండ్రు, ఈ యేడు జొన్నలు పెట్టలే" అని రాసి ఆపేశాడు. నేను ఎర్ర సిరాతో ఆ వాక్యం కింద గీత గీసి "విషయాంతరం" అని రాశాను. పదికి మూడు మార్కులు వేశాను.

ఆ తరువాత ఎన్నోసార్లు ఆ మాట గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను. ఆ బడిలో ఆ రోజు విషయం రాసినవాడు వాడొక్కడే. మిగతావాళ్లూ, నేనూ విషయాంతరంలో ఉన్నాం. ఈ వ్యాసం ఆ తప్పును సరిదిద్దుకునే ప్రయత్నం. అయితే ఇది ఒక ఉపాధ్యాయుడి తప్పు మాత్రమే కాదు. పర్యావరణం అనే మాట వినగానే అది పట్టణ విద్యావంతుల ముచ్చట అని పక్కకు నెట్టిన మన అభ్యుదయ విమర్శకు కూడా ఇందులో భాగముంది. నేను పుట్టి పెరిగిన జనగామ, ఉద్యోగం చేసిన మానుకోట, ఇప్పుడు పనిచేస్తున్న భూపాలపల్లి – ఒకప్పుడు ఒకే వరంగల్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరులో వేరు జిల్లాలయిన ఈ మూడు ప్రాంతాల చరిత్రనుంచే ఈ మాట నిరూపించదలచుకున్నాను. నా ప్రతిపాదన ఒక్కటే: ప్రకృతిని కాపాడాలా వద్దా అన్నది ఇక్కడ ఎన్నడూ అసలు ప్రశ్న కాలేదు. ఎవరి చేతినుంచి తీసుకొని ఎవరి చేతికివ్వాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది ప్రతిసారీ రాజ్యమే.

1

జనగామతో మొదలుపెడదాం. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటికి జనగామ నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. ఆ దేశ్‌ముఖ్ కింద నలభై వేల ఎకరాల భూమి ఉండేదని చరిత్రకారులు రాశారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు చేను పంటను గడీకి చేరనివ్వకుండా నిలబడింది. ఇవన్నీ మనకు తెలిసినవే. ప్రతి సంవత్సరం సభలు పెట్టి చెప్పుకుంటున్నవే.

కాని ఒక విషయం గమనించండి. "భూమి" అని మనం ఒక్క మాటలో చెప్పేస్తున్న దానిలో ఎన్ని ఉన్నాయి? చెరువు ఉంది, దాని తూము ఉంది. తూము ఎప్పుడు లేపాలో, ఎవరి మడికి ముందు నీళ్లు పారాలో చెప్పే నీరటికాడు ఉన్నాడు, ఆ నీరటికాడిని శాసించే గడీ ఉంది. పశువులు మేసే బంచరాయి ఉంది, దానిమీద పన్ను ఉంది. తాటివనం ఉంది. నాగలికీ గుడిసెకూ కావలసిన కర్ర తెచ్చుకునే అడవి ఉంది, ఆ కర్రకు మామూలు వసూలు చేసే జంగ్లాతు జవాను ఉన్నాడు. కొమరయ్య గొర్ల కాపరుల ఇంటి బిడ్డ. గొర్ల కాపరికి పట్టా భూమి కంటే ముందు కావలసింది మేపుకునే బీడు. వెట్టి అంటే మనిషి శ్రమను ఊరికే తీసుకోవడం మాత్రమే కాదు. గొల్లవాని గొర్రె, మాదిగవాని తోలు, గౌండ్లవాని కల్లు, కుమ్మరివాని కుండ – ప్రకృతినుంచి మనిషి చెమటోడ్చి తెచ్చుకున్న ప్రతిదానిలోనూ గడీకి వాటా ఉండటం.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. "నాటి పోరాటాన్ని పర్యావరణ పోరాటమంటారా?" అని. అనను. అలా అనడం చరిత్రకు మన కాలపు చొక్కా తొడగడమే. ఆ పోరాటం దున్నేవానికి భూమి కోసం, వెట్టి రద్దు కోసం జరిగింది. నేననేదల్లా ఇంతే: ఆ భూమి పట్టా కాగితంలోని భూమి కాదు. నీరు, బీడు, చెట్టు కలిసిన ఊరి బతుకు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి మన విమర్శ ఈ పోరాట సాహిత్యాన్ని వర్గదృష్టితో చదివింది. అది సరైన పనే. కాని ఎకరాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా తూములను లెక్కపెట్టలేదు.

దాని ఫలితం తరువాత కనిపించింది. దొర పోయాడు, చెరువు ఊరిది కాలేదు, సర్కారుది అయింది. నీరటికాడి మాన్యం పోయింది, మత్తడి తెగితే ఊరంతా కదిలి పోసే మట్టి తట్ట పోయింది. చెరువు శిఖం మీద కన్నుపడ్డ కొత్త మోతుబరులు వచ్చారు. కలిగినవాడు బోరు వేశాడు. బోరు అనేది సొంత తూము. దానికి పొరుగువానితో పని లేదు. ఒకరి బోరు ఎండితే ఇంకా లోతుకు, అది ఎండితే మరింత లోతుకు, అప్పు మీద అప్పు. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకని వాల్టా చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు మా ఊళ్లో విన్నవాళ్లకంటే, బోరు అప్పుతో కుంగినవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు జనగామ మెట్టకు గోదావరి నీళ్లు వస్తున్నాయి. దేవాదుల ఎత్తిపోతలతో ములుగు జిల్లా గంగారం దగ్గర నదినుంచి తోడి, దశలవారీగా ఎత్తి తెస్తున్నారు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయతో రాష్ట్రంలోని నలభై ఆరు వేలకు పైగా చెరువుల్లో పూడిక తీస్తామన్నారు. తీసినచోట నీరు నిలిచింది కూడా. కళ్లారా చూసిన మంచిని కాదనడం విమర్శ కాదు. నా చిన్నప్పుడు బీటలు వారిన చెరువులో ఈనాడు చేపలు పడుతున్నారు. కాని ఆ నీళ్లను ఎత్తేది కరెంటు. ఆ కరెంటులో పెద్దభాగం బొగ్గునుంచి వస్తుంది. వాన నీటిని ఊరే పట్టి ఊరే పంచుకున్న చెరువుకూ, ఎక్కడో మీట నొక్కితే నిండే చెరువుకూ తేడా ఉంది. రెండో దానికి నీరటికాడు రాజధానిలో ఉంటాడు. ఆ బొగ్గు సంగతి భూపాలపల్లికి వెళ్లినప్పుడు చూద్దాం. అంతకు ముందు దారిలో అడవి ఉంది.

2

మానుకోట. మహబూబాబాద్ అని రైల్వే బోర్డు మీద ఉంటుంది. 1880ల చివరలో నిజాం రైలుమార్గం ఈ దారినే డోర్నకల్ మీదుగా బెజవాడకు సాగింది. డోర్నకల్‌నుంచి చీలిన మార్గం ఇల్లెందు బొగ్గు కోసమే వేసింది. రైలు రావడమంటే అడవి లెక్కల్లోకి రావడం. కోయల, నాయకపోళ్ల ఇంటి ముంగిలిగా ఉన్న అడవి, కలపగా, స్లీపరుగా, రాబడి పద్దుగా మారింది. 1355 ఫసలీలో, అంటే 1945 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ అటవీ చట్టం ఆ మార్పుకు చట్టరూపం.

మార్క్స్ యువకుడిగా ఉన్నప్పుడు, 1842లో, రైన్ ప్రాంతపు శాసనసభలో కట్టెల దొంగతనాల మీద జరిగిన చర్చ గురించి పత్రికలో వ్యాసాలు రాశాడు. పడిపోయిన పుల్లలు ఏరుకోవడం పేదల అనాది హక్కు. దాన్ని నేరంగా మార్చింది కొత్త చట్టం. తనను ఆర్థిక ప్రశ్నల వైపు మొదట నడిపించినవాటిలో ఆ చర్చ ఒకటని 1859లో ఆయనే రాసుకున్నాడు. మనం ఆయన దగ్గర అదనపు విలువ నేర్చుకున్నాం. పుల్లలు ఏరుకునే ముసలమ్మను మరిచిపోయాం. ఆమె గూడూరు, కొత్తగూడ అడవుల్లో ఇంకా ఉంది.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చి నిజాం లొంగిపోయాక, సాయుధ దళాలు మైదానంనుంచి ఈ అడవుల్లోకి తప్పుకున్నాయి. దళాలకు అన్నం దొరకకుండా చేయాలని సైన్యం కోయగూడేలను తగలబెట్టి, జనాన్ని శిబిరాల్లోకి తోలింది. సుందరయ్యగారు తన పోరాట చరిత్రలో ఇది వివరంగా రాశారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. మరుసటి సంవత్సరమే, 1952లో, పాకాల అభయారణ్యం ఏర్పడింది. ఈ రెండిటికీ కార్యకారణ సంబంధం ఉన్నదని నేననడం లేదు. కాని ఒకే తరం కోయవాడు అడవిలో ఉన్నందుకు ఒకసారి అనుమానితుడయ్యాడు, మరొకసారి ఆక్రమణదారుడయ్యాడు. మనిషి అదే, అడవి అదే. మారింది రాజ్యం పెట్టిన పేరు.

ఇక జాతీయ రాజకీయం. 1972 జూన్ 14న స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి సదస్సులో ఇందిరాగాంధీ మాట్లాడింది. ఆతిథ్యమిచ్చిన స్వీడన్‌ను మినహాయిస్తే ఆ సదస్సుకు వెళ్లిన ప్రధానమంత్రి ఆమె ఒక్కతే. పేదరికాన్ని మించిన కాలుష్యం ఉందా అన్న అర్థంలో ప్రశ్నించింది. మాట న్యాయమైనదే. అదే సంవత్సరం వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తరువాత 42వ రాజ్యాంగ సవరణ. ఎమర్జెన్సీలో మన రచయితలు జైళ్లలో ఉండగా 1976లో పార్లమెంటు ఆమోదించిన సవరణ అది. అడవులనూ వన్యప్రాణులనూ రాజ్యం కాపాడాలన్న 48ఎ అధికరణం ఆ సవరణతోనే వచ్చింది. ప్రకృతిని కాపాడటం పౌరుని విధి అన్నదీ దానితోనే వచ్చింది. అడవులు రాష్ట్ర జాబితానుంచి ఉమ్మడి జాబితాలోకి పోయిందీ దానితోనే. మా వృత్తి, చదువు కూడా అదే సవరణతో ఉమ్మడి జాబితాలోకి పోయింది. అడవికీ బడికీ ఒకేరోజు ఢిల్లీ దగ్గరయింది. గూడేనికీ పల్లెకూ మాత్రం కాలేదు.

1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని మరో పనికి వాడరాదన్నది దాని సారం. కాంట్రాక్టర్లకూ, కలప రాజకీయాలకూ కొంత కళ్లెం వేసిన చట్టమే అది. ఆ మేలును ఒప్పుకుందాం. కాని తాతలనాటి పోడు కొట్టుకున్నవాని చేనుకూ, వేల ఎకరాల గనికీ అదే చట్టం వర్తించినప్పుడు ఏం జరిగింది? గనివాడు దరఖాస్తు పెట్టుకోగలడు. నష్టపరిహార వనీకరణకు డబ్బు కట్టగలడు. పోడువాడికి దరఖాస్తు ఫారమే లేదు.

2002 మే నెలలో అటవీ ఆక్రమణలు ఖాళీ చేయించండని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. దానిపై దేశమంతటా లేచిన ఆందోళనల ఫలితంగానే 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని పార్లమెంటు ఒప్పుకున్న చట్టం అది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికి హక్కు ఇవ్వాలి. అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇవ్వాలి. రెండో మాటను అధికారులూ మరిచారు, పార్టీలూ మరిచాయి. మనవాళ్లు కూడా పట్టా సంగతే గట్టిగా అడిగారు. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరించబడినవారిని ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెలాఖరున తానే ఆపింది. ఆ రెండు వారాలూ మా బడిలో పిల్లల హాజరు పడిపోయింది. తల్లిదండ్రులు కాగితాలు పట్టుకొని తిరుగుతున్నారు. 2015లో మొదలైన హరితహారం మొక్కలు కొన్నిచోట్ల పోడు చేలమీదికే వచ్చాయి. నా విద్యార్థి రాసిన కందకం అలాంటిదే. 2022 నవంబరులో పొరుగున కొత్తగూడెం జిల్లాలో ఒక అటవీ అధికారి పోడు తగాదాలో ప్రాణాలు కోల్పోయాడు. జీతానికి పనిచేసే ఉద్యోగికీ, జొన్నల కోసం దున్నే గిరిజనుడికీ మధ్య నెత్తురు పారితే, ఆ తగాదాను పెంచినవాళ్లెవరూ ఆ చేనులో లేరు. 2023 జూన్ చివరలో రాష్ట్ర ప్రభుత్వం సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. ఎన్నికల సంవత్సరమని అందరికీ తెలుసు. అయినా పట్టా అందుకున్న ముసలాయన చేతులు వణకడం నేను చూశాను. ఆ వణుకు ఎన్నికలది కాదు.

3

భూపాలపల్లి. ఇక్కడ భూమి కింద బొగ్గు ఉంది. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల రెండు దశల్లో కట్టారు. ఉదయం బడికి వెళ్లేటప్పుడు బొగ్గు లారీల వెనక దుమ్ములో మోటారు సైకిలు నడపడం నా నిత్యకృత్యం. ఆ దుమ్ము మా తరగతి గది నల్లబల్ల మీద కూడా వాలుతుంది.

సింగరేణి చరిత్ర పాతది. ఇల్లెందులో 1880లలో ఒక ఇంగ్లీషు కంపెనీ చేతుల్లో మొదలై, 1945లో నిజాం ప్రభుత్వపరమై, ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతులుగా ఉంది. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఎట్లా? భూగర్భ గని స్థానంలో ఓపెన్ కాస్టు వచ్చింది. భూగర్భ గనిలో మనుషులు దిగి బొగ్గు తెస్తారు. పైన చేను చాలావరకు చేనుగా ఉంటుంది. ఓపెన్ కాస్టులో చేనే లేచిపోతుంది. ఊరు లేస్తుంది, చెరువు లేస్తుంది, మట్టి గుట్టలై నిలుస్తుంది. గనిలోకి ఊరే నీటిని తోడేస్తుంటే చుట్టుపక్కల బావులు అడుగంటుతాయి. పేలుళ్లకు గోడలు నెర్రెలిస్తాయి. చేసే పనికి మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. అంటే కార్మికుని ఉద్యోగాన్నీ, రైతు భూమినీ, అడవినీ ఒకే యంత్రం మింగుతున్నది. ఎర్రజెండా, పచ్చజెండా వేరువేరు అనుకునేవారు ఒకసారి ఆ గొయ్యి అంచున నిలబడి చూడాలి.

2020 జూన్‌లో కేంద్రం వాణిజ్య తవ్వకాలకు బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టింది. తెలంగాణలోని నాలుగు బ్లాకులు వేలం జాబితాలో పెట్టినందుకు 2021 డిసెంబరు 9నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు అన్ని సంఘాలూ కలిసి సమ్మె చేశారు. నేను ఆ సమ్మె వైపే. ప్రజల ఆస్తి ప్రయివేటువారికి పోకూడదు. కాని ఒక లోపం చెప్పక తప్పదు. కేంద్రం, రాష్ట్రం కొట్లాడుకున్నది ఎవరు తవ్వాలన్నదాని మీద. ఎంత తవ్వాలి, ఎట్లా తవ్వాలి, తవ్విన గొయ్యిని ఎవరు పూడ్చాలి అన్నదాని మీద వాళ్లకు తగాదా లేదు. ఆ ప్రశ్న అడగవలసినవాళ్లం మనం. మనమూ గట్టిగా అడగలేదు.

అడిగే దారి లేక కాదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతర ప్రయివేటు కంపెనీలకు గనులు లీజుకివ్వరాదని చెప్పింది; అది విశాఖ మన్యంలో గిరిజనులు గెలిచిన తీర్పు. గ్రామసభ సమ్మతి లేనిదే అడవిని గనికివ్వరాదని 2009లో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. 2022 నిబంధనలతో ఆ సమ్మతి కేంద్ర అనుమతి తరువాతి మాటగా మారింది. ఇవన్నీ మన పత్రికల్లో చర్చకు రావలసిన విషయాలు. కవితా సంకలనాల సమీక్షల మధ్య వీటికి చోటు దొరకలేదు.

4

చివరగా మనల్ని మనం అడగవలసిన కఠినమైన ప్రశ్న ఉంది. దాని పేరు బయ్యారం. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ప్రాంతపు ఇనుప ఖనిజంతో ఉక్కు కర్మాగారం కట్టాలని దశాబ్దానికి పైగా కోరుతున్నాం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో, సాధ్యాసాధ్యాలు పరిశీలించాలన్న హామీ ఉంది. కేంద్రం గిట్టుబాటు కాదంటూ దాటవేసింది. ఊరేగింపుల్లో నేనూ నడిచాను. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నా పాత విద్యార్థులే ముందు వరసలో ఉన్నారు. వారికి ఉద్యోగం అడగడం తప్పని ఎవరంటారు?

కాని అదే బయ్యారంలో కాకతీయుల నాటి పెద్దచెరువు ఉంది. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ వేయించిన శాసనం ఆ చెరువు కట్ట దగ్గరదే; కాకతీయుల వంశక్రమం చెప్పుకోవడానికి చరిత్రకారులకు ఆ శాసనమే ఒక ఆధారం. ఎనిమిది వందల ఏళ్ల తరువాతా ఆ చెరువు కింద వరి పండుతున్నది. గుట్ట తవ్వితే ఆ చెరువుకు వచ్చే వాగులేమవుతాయి? గుట్ట మీది కోయగూడేలు ఎటు పోతాయి? ఊరేగింపులో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఉద్యమానికి ద్రోహమనుకుంటారని భయపడ్డాను. ఉత్పత్తి శక్తులు పెరగడమే ప్రగతి అని చదువుకున్న తరం మనది. కాని నేల సారాన్నీ శ్రామికుని సారాన్నీ పెట్టుబడి ఒకేసారి దోస్తుందని చెప్పినవాడూ మార్క్సే. సగం చదివి సగం వదిలేశాం. కర్మాగారం వద్దని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ తీర్పు నాది కాదు, ఆ చెరువు కింది రైతుదీ, ఆ గుట్ట మీది గ్రామసభదీ, పని కోసం ఎదురుచూస్తున్న యువకునిదీ. ముగ్గురూ ఒకచోట కూర్చొని మాట్లాడుకునే వేదిక లేకపోవడమే మన రాజకీయాల దారిద్ర్యం.

కాబట్టి రచయితలకు నా విన్నపం. తెలంగాణ పోరాట సాహిత్యాన్ని మరొకసారి తెరవండి. చెరువు, బంచరాయి, అడవి ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తుపెట్టండి. గని కథ రాసేటప్పుడు లేచిపోయిన ఊరి కథ కూడా రాయండి. పోడు కథ రాసేటప్పుడు పట్టాతో ఆగకుండా, అడవిని కాపాడే హక్కు గ్రామసభదని రాయండి. జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగే ప్రతి నాయకుణ్ణీ, నిరుడు నాటినది ఎక్కడ ఉందో, దాని కింద ఎవరి చేను ఉండేదో అడగండి.

ఆ కుర్రవాడు పదో తరగతి తరువాత చదువు మానేశాడు. మిర్చి ఏరడానికి వెళ్తున్నాడని తెలిసింది. ఆ జవాబు పత్రం నా దగ్గర లేదు; ఉంటే మార్కులు దిద్దేవాణ్ణి. ఆ పల్లెలో ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రుడికి ఒక మాట చెప్పాను. ఈసారి "వన సంరక్షణ" అని కాక, "మా ఊరి అడవి ఎవరిది?" అని ఇవ్వమన్నాను. ఏం రాసినా విషయాంతరమని మాత్రం రాయవద్దన్నాను.